అద్దెచీటిలో లేని చుట్టము

పలాస, కాశీబుగ్గ జంటపట్టణములలో అద్దెకు వాటా దొరకుట కష్టము. దొరకిన వాటాలో మనము కోరినవారితో మాత్రమే కాపురముండుట అంతకంటెను కష్టముగా నున్నది. జీడిపిక్కల కార్ఖానాలలో పనికి వచ్చిన స్త్రీలు, ఆసుపత్రులలో దాదులు, బడులలో పంతులమ్మలు, పరీక్షలకు చదువుకొను పిల్లలు, వారమునకు రెండు మూడు మారులు మూత్రపిండముల చికిత్సకై ఉద్దానము నుండి వచ్చు రోగులు, వారి వెంట వచ్చు ఆడువారు, వీరందరును రెండేసి గదుల వాటాలలోనే తలదాచుకొనవలసియున్నది. చీటి ఒకరి పేర నుండును. పడకలు మూడుండును. మూడవ పడక ఎవరిది, ఎంతకాలము, ఎవరి సమ్మతితో అని అడుగువారు మొదట నుండరు. అడుగవలసిన దినము వచ్చునప్పటికి అడుగుటకు నోరు రాదు.

ఈ విషయమును గూర్చి మన పత్రికలలో అంతగా వ్రాయరు. అత్తాకోడండ్ర తగవు గూర్చి వ్రాయుదురు, పనిమనిషి తగవు గూర్చి వ్రాయుదురు. నాలుగు దినములని వచ్చి నెలల తరబడి కదలని స్నేహితురాలిని గాని, పినతల్లి కూతురిని గాని పంపుట యెట్లో చెప్పినవారిని మేము చూడలేదు. చెప్పుట అతిథిధర్మమునకు విరోధమని కాబోలు జంకెదరు. కావున ముందుగా ఆ జంకును తీర్చుకొందము.

అతిథి యన్న మాటయే ఒక హద్దును చెప్పుచున్నది. నిలుకడ లేనివాడు గనుకనే అతిథి యనబడుచున్నాడని మనుస్మృతి మూడవ అధ్యాయము చెప్పినది. అది ఒక్కరాత్రి నిలిచినవానినే ఆ పేరున పిలిచినది. ఒక్కరాత్రి యని మేమిప్పుడు పట్టుపట్టము. పలాస రైలు స్టేషనులో అర్ధరాత్రి దిగిన చుట్టమును తెల్లవారగనే పొమ్మనుట మన సీమలో ఎవరికిని చేతకాదు. కాని నిలిచిపోయినవారు అతిథులు కారని మన పెద్దలే చెప్పిరన్న సంగతి, సంకోచముతో ఉడికిపోవు గృహిణులకు కొంత బలమిచ్చును.

ఇంకొక కథను మనవి చేసెదము. విరాటపర్వమును ఇంట చదువుకొన్నవారందరికిని తెలిసినదే, కాని ఈ దృష్టితో చూచినవారు తక్కువ. సైరంధ్రి సుదేష్ణ మందిరమున అడుగిడుటకు ముందే తన నియమములను చెప్పినది. ఎంగిలి ముట్టననియు, కాళ్లు కడుగననియు స్పష్టముగా పలికి, సుదేష్ణ ఒప్పుకొన్న తరువాతనే లోనికి వచ్చినది. లోనికి రాకమునుపు మాటలాడుకొనుట అన నిట్టిదే. పిమ్మట కీచకుడును వాని తమ్ములును హతులైరి. రాజు భయపడెను. ఇక నీవు పొమ్మని సుదేష్ణ చెప్పినది. సైరంధ్రి ఏడ్వలేదు, వాదింపలేదు. పదుమూడు దినములు గడువిమ్మని కోరినది. ఒక లెక్క చెప్పి, ఒక తేదీని నిలిపినది. సుదేష్ణయు ఆమె సామానును వీధిలో వేయింపలేదు. ఇందులో మరియొక సూక్ష్మము కూడ కలదు, దానిని తరువాత చెప్పెదము.

ఇక చట్టము మాట. మనము అద్దెకు తీసికొన్న వాటాలో మన సమ్మతితో వచ్చి, మనతోపాటు ఒకే పొయ్యి, ఒకే తాళముచెవి వాడుకొను మనిషికి ఆ యింటిపై కౌలుదారుని హక్కు లేదు. ఆమెకు ఉన్నది మన అనుమతి మాత్రమే. 1882 నాటి ఈజుమెంట్ల చట్టము ఇట్టి అనుమతిని గూర్చి చెప్పుచు, అనుమతి రద్దయినప్పుడు ఆ మనిషి వెడలుటకును, తన సామాను తీసికొనుటకును తగినంత గడువు ఈయవలెనన్నది. ఆ చట్టము పుట్టినప్పుడు మన టెక్కలి గంజాం జిల్లాలో నుండి చెన్నపట్నపు ప్రభుత్వము క్రింద నుండెను. జిల్లాలు మారినవి, రాష్ట్రములు మారినవి, ఆ మాట మారలేదు. తగినంత గడువన నెన్ని దినములో అది చెప్పదు. నెలసరి అద్దెదారునకే ఆస్తి బదిలీ చట్టము పదునైదు దినముల నోటీసు చాలునన్నది గనుక, ఏ చీటియు లేని చుట్టమునకు పదునైదు దినములో నెలయో యిచ్చినచో అన్యాయమని ఎవరును అనలేరని మా అభిప్రాయము.

అయితే ఆమె వేరు గదిలో నుండి, దానికి తన తాళము వేసికొని, నెలనెలకు మనకు అద్దె చెల్లించుచున్నచో కథ మారును. లోపలి చోటుపై పూర్తి స్వాధీనము ఎవరిదో చూచియే అది కౌలా, ఉత్త అనుమతియా అని నిర్ణయింపవలెనని సుప్రీంకోర్టు 1959లో అసోసియేటెడ్ హోటల్సు వ్యాజ్యమున విచారించినది. కావున ఖర్చులో వంతు తీసికొనువారు దానిని అద్దె యని పిలువరాదు. ఈ కాలపు పిల్లలు ఫోన్‌పేలో డబ్బు పంపుచు క్రింద ఒక మాట వ్రాయుదురు. అక్కడ అద్దె యని పడినచో, రేపు అదే సాక్ష్యముగా నిలుచును. బియ్యమునకు, గ్యాసుబండకు, కరెంటుకు అని వ్రాసికొనుడు. నిజమైన దానినే వ్రాయుడు.

యజమాని వైపు నుండి వచ్చు ప్రమాదము ఇంకను పెద్దది. మన రాష్ట్రమున చిరకాలము నడచిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమున, యజమాని వ్రాతపూర్వకమైన సమ్మతి లేక వాటాను ఇతరులకిచ్చుట అద్దెదారును ఖాళీ చేయించుటకు చాలిన కారణము. దాని స్థానమున 2017 నాటి కొత్త చట్టము వచ్చినది. వ్రాతకోతలకు అది మరింత ప్రాధాన్యమిచ్చినది. అనగా మూడవ పడక వలన మొదటి పడకకే ఎసరు రావచ్చును. చుట్టము పోకున్నచో చీటి గలవారే పోవలసి వచ్చును. మొగమోటముచే దీనిని మరచెదము.

మా వీధిలో జరిగిన దానిని, గుర్తులు మార్చి చెప్పెదము. ఒక పంతులమ్మ ఒంటరిగా రెండుగదుల వాటా తీసికొన్నది. చిన్ననాటి స్నేహితురాలు ఉపాధ్యాయ పరీక్షకు చదువుకొనుటకని, నాలుగు దినములని చెప్పి, ఒక పెట్టెతో వచ్చినది. నాలుగు దినములు ఎనిమిది నెలలైనవి. మొదటి నెల వచ్చిన పిల్ల బియ్యము తెచ్చినది. రెండవ నెల కూరలు తెచ్చినది. తరువాత ఏమియు తేలేదు. పంతులమ్మ బడి నుండి వచ్చునప్పటికి బిందెలలో నీళ్లుండవు. మోటారు వేళ దాటిపోయియుండును. దీపము అర్ధరాత్రి వరకు వెలుగును. కరెంటు బిల్లు యూనిట్లు పెరిగిన కొలది పైమెట్టు రేటునకు పోవును గనుక, ఇద్దరి ఖర్చు ఒకరి ఖర్చునకు రెట్టింపుతో ఆగదు. ఈ చిన్న లెక్కలు బయటికి చెప్పిన నవ్వుదురని ఆమె చెప్పలేదు. ఇంటి యజమానురాలే ఒకనాడు గుమ్మములో నిలిచి, “ఒకలికిచ్చినాం గానీ ఇద్దరికివ్వలేదు కదమ్మా. ఆ పిల్లనంపెయ్, లేదంటే నువ్వూ చూసుకో” అన్నది. ఆమె కుమారుడు తానే ఆ పెట్టెను రోడ్డున పెట్టెదనని ముందుకు వచ్చినాడు.

పంతులమ్మ మా యొద్దకు వచ్చినది. మా వారు బడిలో నుండిరి. ఉన్నను ఇది ఆడువారి మధ్య తేలవలసిన సంగతియే. పెట్టెను ముట్టుకొననీయవద్దనియు, నోటితో కాక కాగితముతో చెప్పుమనియు అంటిమి. నోటి మాటకు తేదీ యుండదు. “త్వరలో”, “వీలు చూచుకొని”, “పండుగ తరువాత” అన్న మాటలు చెప్పువారికి మర్యాదగా నుండును గాని వినువారికి ఆశ కల్పించును. ఆమె వ్రాసిన చీటి యిది. అనుమతితో ఇచ్చట నుంచుచున్నాము.

“చెల్లీ, నీవు వచ్చి ఎనిమిది నెలలైనది. ఈ వాటా చీటి నా ఒక్కదాని పేర నున్నది. నిన్ను నిలుపుకొనుటకు ఇంటివారు సమ్మతింపలేదు. వచ్చు నెల 10వ తేదీ సాయంకాలములోగా నీవు వేరొక చోటు చూచుకొనవలెను. అంతవరకు నీ భోజనము, నీ పడక ఇప్పటివలెనే జరుగును. గడచిన నెలల ఖర్చులో నీ వంతు నేనడుగను. నీ సామాను మనమిద్దరము కలిసి కట్టుదము. ఈ తేదీని మార్చుట నా చేతిలో లేదు.”

ఇందులో నిందలేదు, నీళ్ల బిందెల ముచ్చట లేదు, దీపము ముచ్చట లేదు. పంపుటకు కారణము ఒక్కటే చాలును. పది కారణములు వ్రాసినచో పదింటికిని జవాబు వచ్చును. ఖర్చు వంతు వదలుకొనుట మాకు మొదట నచ్చలేదు, అది ఆమె ఔదార్యము. అయినను బాకీ తగవును, చోటు తగవును ఒక ముడి వేయకుండుట మంచిదే. బాకీ తీరువరకు పెట్టెనీయననుట, పెట్టె యిచ్చువరకు కదలననుట, ఇట్లు రెండు తగవులు ఒకదాని నొకటి మోసికొనుచు కూర్చుండును.

ఆ పిల్ల చీటి చదివి, “నానెక్కడికెల్లేది అప్పా?” అని ఏడ్చినది. ఆ ప్రశ్నకు పంతులమ్మ వద్ద జవాబు లేకపోయినది. మా వద్దను లేకపోయినది. తుదకు ఇరుగుపొరుగు ఆడువారమే విచారించి, చదువుకొను ఆడపిల్లలుండు ఒక యింట చోటున్నదని తెలిసికొని చెప్పితిమి. పదవ తేదీన కాదు, పండ్రెండవ తేదీన ఆమె అన్న వజ్రపుకొత్తూరు వైపు నుండి ఆటో తెచ్చి సామాను తీసికొనిపోయినాడు. రెండు దినముల ఆలస్యమునకు ఎవరును పేచీ పెట్టలేదు. ఆ స్నేహితురాండ్రు నేటికిని మాటలాడుకొనుట లేదు. చక్కగా పంపిన స్నేహము నిలుచునని మేము చెప్పజాలము. ఒక్కొక్కప్పుడు నిలుచును.

పెట్టెను రోడ్డున పెట్టరాదని మేమంత గట్టిగా చెప్పుటకు దయ ఒక్కటే కారణము కాదు. ఒక యింట స్థిరముగా నున్నవారిని, వారికి హక్కు లేదనుకొన్నను, న్యాయమార్గమున తప్ప బలిమితో వెడలగొట్టరాదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణరామ్ మహాలే వ్యాజ్యమున చెప్పినది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టము ఆరవ సెక్షను, స్వాధీనములో నున్న చోటినుండి చట్టవిరుద్ధముగా గెంటబడినవారు ఆరు నెలలలోగా దావా వేసి ఆ చోటును మరల పొందవచ్చునన్నది. అతిథికి స్వాధీనమే లేదు కదా యని వకీలు వాదించవచ్చును, అది కోర్టులో తేలవలసిన మాట. పెట్టె విసరిన రాత్రి తేలునది కాదు. ఇంతకు మించి, పెట్టెలో గొలుసుండెననియు, ఇప్పుడు లేదనియు ఫిర్యాదు వచ్చినచో ఎవరు సాక్ష్యము చెప్పుదురు? సామాను కట్టునప్పుడు ఇద్దరి యెదుట జాబితా వ్రాసి సంతకములు చేయించుకొనుడు. పదవతరగతి సర్టిఫికెట్లు, ఆధారు, రేషను కార్డు, ఆసుపత్రి చీట్లు, ఇవి ఎవరివైనను పట్టి ఉంచకూడదు. నీళ్లు, దీపము ఆపుట, స్నానపు గదికి తాళము వేయుట వంటి పనులను కొందరు తెలివియనుకొందురు. తేదీ దాటువరకు మన వైపు నున్న న్యాయము ఆ ఒక్క తాళముతో అవతలి వైపునకు పోవును.

దీనికి రెండవ ప్రక్క కూడ కలదు. ఎంతకాలముంటే అంత హక్కు పుట్టునని మన ఊళ్లలో ఒక అపోహ యున్నది. పండ్రెండేండ్లుంటే యిల్లు వారిదగునని చెప్పుకొందురు. అనుమతితో నున్నవారి విషయమున అది చెల్లదు. గోవాలో ఒక సోదరి తన యింటిలో సోదరుని ఉండనిచ్చినది. ఇల్లు చూచుకొనుచు ఉండుటకే తాను ఉంచితినని ఆమె చెప్పినది. తన స్వాధీనమును కాపాడుమని అతడే కోర్టుకెక్కినాడు. క్రింది కోర్టు, హైకోర్టు అతని వైపే పలికినవి. 2012లో సుప్రీంకోర్టు, మరియా మార్గరీడా సెక్వేరా ఫెర్నాండెజ్ వ్యాజ్యమున, సోదరికే న్యాయము చేసినది. ఉచితముగా నుండనిచ్చిన చోటును గాని, కావలిగా చూచుకొనుచున్న చోటును గాని, ఎన్నియేండ్లున్నను, ఉన్నవారు తమదనుకొనరాదని తేల్చినది. అన్నదమ్ములకు ఇల్లప్పగించి పరదేశములకు పోవు మన ఉద్దానపు కుటుంబములు ఈ తీర్పును గుర్తుంచుకొనదగును.

ఇక ముందు చెప్పెదమన్న సూక్ష్మము. సుదేష్ణ ఎవరిని పొమ్మన్నది? అపరాధము కీచకునిది. పోవలసి వచ్చినది అపరాధము నొందిన స్త్రీ. ఇంటిలో నెమ్మది కావలెనన్నప్పుడు బలహీనులను కదల్చుట సులువు గనుక వారినే కదల్తురు. కాబట్టి ఎవరినైనను పొమ్మనుటకు ముందు ఆ మనిషి నిజముగా అదనపు మనిషియేనా అని విచారింపవలెను. చీటి భర్త పేర నున్నంత మాత్రమున భార్య అదనపు మనిషి కాదు. 2005 నాటి గృహహింస చట్టము పదునేడవ సెక్షను, కలిసి కాపురమున్న యింట నివసించు హక్కును ఆమెకిచ్చినది. ఆ యింటిలో ఆమెకు హక్కుభుక్తములు, పట్టాలు లేకున్నను సరే. అదే చట్టము పందొమ్మిదవ సెక్షను క్రింద, కొట్టు మగవానినే యింటి నుండి తొలగించుటకు మేజిస్ట్రేటు ఉత్తరువు చేయవచ్చును. ముసలి తలిదండ్రులను వేధించు కొడుకుల విషయమున 2007 నాటి వయోవృద్ధుల చట్టము కలదు. దానిపై అర్జీలు రెవెన్యూ డివిజను అధికారి వినును. 2022 నుండి పలాసకే వేరుగా డివిజను ఏర్పడినది గనుక ఆ ప్రాంతపు వృద్ధులకు టెక్కలి ప్రయాణము తప్పినది. అయితే ఆ చట్టమును అడ్డుపెట్టుకొని కోడలి నివాసపు హక్కును కొట్టివేయరాదని 2020లో వనిత వ్యాజ్యమున సుప్రీంకోర్టు హెచ్చరించినది.

ఉద్దానపు రోగుల మాట వేరుగా చెప్పవలెను. డయాలిసిస్ చేయించుకొనువారు ఒక్కొక్కమారు నాలుగు గంటలు మంచముపై నుండి, అలసి, బస్సు పట్టుకొని కవిటి, కంచిలి వైపు పోలేక బంధువుల వాటాలలో నిలుచుచుందురు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధన కేంద్రమును తెరచిన తరువాత విశాఖపట్నము పరుగులు కొంత తగ్గినవి, పలాసలో చుట్టముల రాక పెరిగినది. ఈ రోగిని పదునైదు దినములలో పొమ్మను చీటి వ్రాయుమని మేమెవరికిని చెప్పము. కాని రోగి వెంట వచ్చి, రోగి ఊరికి పోయిన దినములలోను తానుండి, టీవీ చూచుచు, పనికి పోవు ఆడుదాని చేత మూడు పూటలు వండించుకొను మగ బంధువు రోగి కాడు. ఈ రెంటిని కలుపుట మన యిండ్లలో తరచు జరుగుచున్నది. రోగి పేరు చెప్పి అతడు నిలుచును. అతనిపై విసిగి రోగి పై కోపము తెచ్చుకొందుము. చీటి వ్రాయవలసి వచ్చిన, అతనికి విడిగా, అతని పేరుతోనే వ్రాయవలెను. రోగి వచ్చు దినములను ఒక కాగితముపై వ్రాసి గోడకంటించి, ఆ దినములలో ఈ యింటి తలుపు తెరచియుండునని యజమానికి కూడ ముందుగా తెలుపవలెను. యజమానులలో ననేకులకు తమ ఇంటనే ఇట్టి రోగి యున్నాడు, కాదనరు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరము దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతోపాటు ఇండ్లును పడిపోయినవి. ఆ నాళ్లలో ఒక్కొక్క వాటాలో మూడేసి కుటుంబములున్నవి. ఎవరును చీటి అడుగలేదు. ఇది తలచుకొనినప్పుడు, మన సీమవారికి చోటిచ్చు గుణము లేక ఈ తగవులు వచ్చుట లేదని తోచును. ఇచ్చునప్పుడు అవధి చెప్పకపోవుట వలననే వచ్చుచున్నవి.

టెక్కలిలో ఇంజనీరింగు చదువు పిల్లల గదులను గూర్చి తల్లులకు ఒక్క మాట. నలుగురు పిల్లలు కూడి తీసికొన్న గదిలో అయిదవవాడు చేరి, అద్దె ఈయక, నలుగురి సబ్బును నలుగురి చొక్కాలను వాడుకొనుట సర్వసాధారణము. మగపిల్లలు ఈ తగవును చేతులతో తీర్చుకొనబోవుదురు. గది తీసికొన్నవాడు, అనగా చీటిపై పేరున్నవాడు, తేదీతో వాట్సాపులోనైనను సరే వ్రాసి పంపవలెను. కొట్లాట పోలీసుల వరకు పోయినచో చదువునకు ముప్పు. పొమ్మన్న తరువాత కూడ భయపెట్టుటకో, అవమానించుటకో, వేధించుటకో ఎవరైనను అక్కడనే నిలిచినచో అది 2024 జూలై నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను క్రింద నేరమైన ఆక్రమ ప్రవేశము కాగలదు. ఊరక కదలకుండుట వేరు, ఈ ఉద్దేశముతో నిలుచుట వేరు. మొదటిదానికి పోలీసుల కంటె దావా మార్గమే సరియైనది.

దావా యనగనే ఖర్చు భయపెట్టును. 1987 నాటి న్యాయసేవల చట్టము పండ్రెండవ సెక్షను ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయమెంతైనను, ఉచితముగా వకీలును పొందు హక్కు కలదు. ఈ సంగతి ఎరిగిన స్త్రీలు అరుదు. 15100 సంఖ్యకు ఫోను చేయవచ్చును. పలాస, టెక్కలి, సోంపేట కోర్టుల ఆవరణలలో అడిగినను దారి చూపుదురు. దావా కంటె ముందు రాజీకి పిలిపించుమని కోరుట మంచిది. కాగితముపై తేదీ పడిన రాజీ మా పంతులమ్మ చీటి వంటిదే, మీద ముద్ర యొకటి ఎక్కువ.

పోయినవారి తరువాత చేయవలసిన పనులు కొన్ని. తాళముచెవి తిరిగి పుచ్చుకొనుడు, ఈయకున్న తాళము మార్పించుడు. గ్యాసు, వైఫై, కేబులు ఆమె పేర నున్న వేరు చేయుడు. మీ చిరునామాతో ఆమె ఆధారు మార్చుకొనియున్న, తిరిగి మార్చుకొనుమని మర్యాదగా కోరుడు. యజమానికి రెండు పంక్తులు వ్రాసి, ఇప్పుడు వాటాలో ఎవరెవరున్నారో తెలిపి, ఆ కాగితపు నకలు చీటితోపాటు దాచుడు. కొత్త చీటి వ్రాయించుకొనునప్పుడు పేర్ల క్రింద ఒక పంక్తి చేర్పించుడు: చుట్టములు ఒక్కమారునకు ఎన్ని దినములుండవచ్చును, అంతకు మించిన యెడల ఎవరికి తెలుపవలెను. మా యింటి యజమానితో పది దినములని వ్రాయించుకొంటిమి. మా ఆడబిడ్డ వేసవికి వచ్చినప్పుడు పదునొకండవ దినమున ఆమెయే నవ్వుచు, “వదినా, చీటి చూపక ముందే టిక్కెట్టు తీయించు” అన్నది. ఇంకొక వారము ఉంచుకొంటిమి, యజమానికి చెప్పియే.